చిల్కాలో అయిదు చిన్న మోటారు బోట్లు కలిసి వెళ్లాలంటే: వేగం, వరస, పెట్రోలు

బరంపురం_బోట్లు (ప్రశ్న):

అందరికీ నమస్తే. జనవరిలో ఒడిశాలోని చిల్కా సరస్సు మీద రెండు రోజులు తిరుగుదామని అనుకుంటున్నాం. అయిదు బోట్లు, పదహారు మంది. మొదటిరోజు రంభ రేవులో బయల్దేరి కాళీజాయి దీవి మీదుగా బార్కుల్ రేవు. రాత్రి గట్టు మీదే బస. రెండోరోజు నలబన దీవిని చుట్టుకుని సాతపడ, అక్కడ భోజనం చేసి రెండు గంటలకి బయల్దేరి నేరుగా రంభ.

బోట్లన్నీ ఫైబర్‌వే. 16 అడుగులవి రెండు, 40 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్. 15 అడుగులవి రెండు, 25 హెచ్‌పీ టూ స్ట్రోక్. 13 అడుగులది ఒకటి, 15 హెచ్‌పీ టూ స్ట్రోక్. ఈ చివరి దానితోనే చిక్కు. నలుగురు ఎక్కితే ఎంత తిప్పినా ముందుకి పోదు. దాన్ని అందరికన్నా ముందు పెట్టాలా, వెనక పెట్టాలా? ఏ బోటుకి ఎంత పెట్రోలు? మధ్యలో బోట్లన్నీ కలిపి కట్టి లంగరు వేసుకోవచ్చా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఉప్పుకయ్య:

ముందా వెనకా అన్నది తర్వాత చూద్దాం అండీ. ఆ 13 అడుగుల బోటులో ఎంతమంది ఎక్కుతారో ముందు తేల్చండి.

చిన్న బోటుకి హాయిగా నడిచే వేగాలు రెండే. ఒకటి, నీళ్లని తోసుకుంటూ నెమ్మదిగా పోయేది. 13 అడుగుల దానికి అది గంటకి 8, 9 కిలోమీటర్లు. రెండోది ప్లేనింగ్, అంటే బోటు నీటి మీదకి లేచి జారుతూ పోయేది. మీ బోట్లకి అది దాదాపు 20 దాటాక వస్తుంది. ఈ రెంటికీ నడుమ 11 నుంచి 18 దాకా ఉన్నది చెడ్డ వేగం. అమరం (బోటు వెనక భాగం) కుంగుతుంది, అణియం (ముందు భాగం) లేచిపోయి నడిపేవాడికి ఎదురుగా ఏముందో కనపడదు. పెట్రోలు విపరీతంగా తాగుతుంది, వెనకాల పెద్ద అల లేస్తుంది. నలుగురు ఎక్కిన 15 హెచ్‌పీ బోటు సరిగ్గా ఇక్కడే ఇరుక్కుంటుంది. దాని కోసమని మిగతా నాలుగూ తగ్గితే అవీ అదే వేగంలో పడి కుంగుతూ నడవాలి. ఒక బోటులో ఎక్కువైన ఇద్దరి బరువుకి అయిదు బోట్లూ పెట్రోలు కడతాయి.

మనుషుల్ని ఇలా సర్దండి: చిన్నదాంట్లో ఇద్దరు, 25 హెచ్‌పీ బోట్లలో ముగ్గురేసి, 40 హెచ్‌పీ బోట్లలో నలుగురేసి. పదహారు సరిపోయింది. చిన్నదాంట్లో దాని ట్యాంకు, లంగరు, తాడు, రెండు తెడ్లు, లైఫ్ జాకెట్లు తప్ప ఇంకేమీ పెట్టొద్దు. నీళ్ల క్యాన్లు, వంట సామాను అన్నీ 40 హెచ్‌పీ వాటికి ఎక్కించండి. ఇద్దరిలో ఒకరు తప్పకుండా మధ్య బల్ల మీద, కాస్త ముందుకి కూర్చోవాలి. ఇద్దరూ అమరంలోనే కూర్చుంటే బోటు పైకి లేవడానికే తంటాలు పడుతుంది, లేచాక అణియం ఎగిరెగిరి పడుతుంది.

ఇలా సర్దితే గుంపంతా 22 కిలోమీటర్ల దగ్గర నిలకడగా నడుస్తుంది. రెండోరోజు మలుపులతో కలిపి దాదాపు 80 కిలోమీటర్లు. 22 మీద మూడు గంటల నలభై నిమిషాలు, 9 మీద దాదాపు తొమ్మిది గంటలు. జనవరి పగలు ఎంతసేపో మీకు తెలుసు. రంభ రేవులోనే పూర్తి బరువుతో ఒక కిలోమీటరు నడిపి చూసుకుని, అప్పుడు బయల్దేరండి.

లంగరుతాడు:

ఉప్పుకయ్య గారు బరువు గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇక వరస.

నెమ్మదైనదాన్ని అందరికన్నా ముందు పెట్టమని చాలామంది అంటారు. చిల్కాలో అది నాకు సమ్మతం కాదు. ఇక్కడ ముందు బోటుకి అసలు పని నీళ్లు చూసుకోవడం. లోతు ఎక్కడ తగ్గుతోంది, జాలర్లు వల కట్టే వెదురు కర్రల వరస ఎక్కడుంది, పాయ ఎటు తిరుగుతోంది అన్నవి చూడాలి. ఆ పని దారి తెలిసి, జీపీఎస్ చేతిలో ఉన్నవాడిది. చిన్న బోటు రెండోదిగా ఉండాలి. ముందువాడు నిమిషానికోసారి వెనక్కి చూసి, దాన్ని బట్టి థ్రాటిల్ సర్దుకుంటాడు. తర్వాత 25లు. చివర రెండో 40, లాగే తాడు, పనిముట్లు, మందుల పెట్టె దాంట్లోనే. చివరి బోటు ఎవరినీ దాటి పోకూడదు. ఎవరు ఆగితే వాళ్ల దగ్గర అదీ ఆగాలి.

ప్రతి బోటూ తన వెనక బోటుకి పూచీ. వెనకది కనపడకపోతే వేగం తగ్గించాలి. అప్పుడు ఆ తగ్గడం ఒక్కో బోటూ దాటి ముందువాడి దాకా చేరుతుంది, ఫోను సిగ్నల్ లేకపోయినా సరే. మాట్లాడుకోవడానికి లైసెన్సు అక్కర్లేని 446 మెగాహెర్ట్జ్ చిన్న వాకీటాకీలు చాలు. నిలువుగా ఎత్తిన చెయ్యి అంటే ఆగు, అడ్డంగా ఎత్తిన తెడ్డు అంటే సాయం కావాలి. ఇవి పదహారు మందికీ తెలియాలి, నడిపేవాళ్లకి మాత్రమే కాదు.

బోటుకీ బోటుకీ 100 నుంచి 150 మీటర్ల ఎడం ఉంచండి. నేరుగా వెనక పడకుండా ముందు బోటు లేపిన అలకి బయట, ఓ పక్కగా నడవాలి. ఇరుకు పాయలోకి వెళ్తే ఒకే వరస, ఎడం ఇంకా పెంచాలి.

గుంపులో బోట్లు మునగడానికి దగ్గరయ్యే సందర్భం ఒకటుంది. ముందు బోటు టక్కున ఆగుతుంది, వెనకవాడు కంగారుపడి థ్రాటిల్ ఒక్కసారిగా మూసేస్తాడు. బోటు కూలబడుతుంది గానీ దాని వెనక లేచిన అల ఆగదు కదా. అది వచ్చి మోటారు బిగించిన పలక మీదుగా లోపలికి దూకుతుంది. అమరంలో ముగ్గురు కూర్చుని ఉంటే ఒక్క అలకే కాళ్లు మునిగేన్ని నీళ్లు వస్తాయి. మూడు నాలుగు సెకన్లు తీసుకుని దించండి, అల దాటిపోయేదాకా కాస్త ముందుకి నడుస్తూనే ఉండనివ్వండి. ఎడం 100 మీటర్లు ఉండాలనేది అందుకే. నడిపేవాడి జాకెట్‌కి కిల్ స్విచ్ తాడు (అతను పడిపోతే మోటారుని ఆపేసేది) ఎప్పుడూ తగిలించి ఉండాలి.

బోట్లు కలిపి కట్టడం: ఒక లంగరుకి మూడు మించొద్దు, అదీ గాలి లేనప్పుడే. బరువైన బోటు ముందుగా లంగరు వేసి, అది పట్టుకుందని చూసుకున్నాక మిగతావి చెరో పక్కకీ రావాలి. మధ్యలో పాత టైర్లో ఫెండర్లో వేలాడదీయాలి. మోటార్లు ఒకదానికొకటి తగలకుండా బోట్లని అరడుగు ముందూ వెనకా జరిపి కట్టండి. తాడు లెక్క నీటి లోతుకి కాదు, లోతూ అణియం ఎత్తూ కలిపి దానికి ఏడింతలు. 2 మీటర్ల లోతు, అర మీటరు అణియం అంటే 17, 18 మీటర్లు వదలాలి. బురదలో నాలుగు కొక్కేల లంగరు జారిపోతుంది, వెడల్పు రెక్కలున్నది పట్టుకుంటుంది. రంభ దగ్గర దీవుల చుట్టూ రాయి. అక్కడ లంగరు ఇరుక్కుంటే పైకి రాదు, కాబట్టి దాని తలకి, అంటే పై రింగుకి కాకుండా రెక్కల వైపు తాడు కట్టి, తల దగ్గర సన్నని నూలుతాడుతో ఆనించండి. గట్టిగా లాగితే నూలు తెగి లంగరు వెనక్కి ఊడొస్తుంది. ఇలా కట్టిన లంగరు భోజనం వేళకే. దాన్ని నమ్ముకుని బోటు వదిలి పోవద్దు.

రెండు_స్ట్రోకులు:

పెట్రోలు లెక్క. బరువుతో 22 మీద నడుస్తుంటే మీ 40 ఫోర్ స్ట్రోక్, 25 టూ స్ట్రోక్ రెండూ లీటరుకి 3 కిలోమీటర్లు ఇస్తాయనుకోండి. 15కి మూడున్నర. ఎదురుగాలిలో ఇంకా తగ్గుతుంది. వెళ్లడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, చేతిలో ఒక వంతు. అంటే లెక్కకి వచ్చినదానికి ఒకటిన్నర రెట్లు.

మొదటిరోజు 30 కిలోమీటర్లు: ఒక్కో బోటుకి 10 లీటర్లు కావాలి, 15 పెట్టుకోండి. రెండోరోజు 80: పెద్ద నాలుగింటికీ ఒక్కోదానికి 27, అంటే 40 లీటర్లు పెట్టుకోండి. చిన్నదానికి 23, అంటే 34. బార్కుల్‌లో బయల్దేరేటప్పుడే ఇదంతా బోట్లలో ఉండాలి. బంకు రేవు మీద ఉండదు, బాలుగావ్ వైపు రోడ్డు మీద వెళ్లి తెచ్చుకోవాలి. ప్లాస్టిక్ డబ్బాల్లో పొయ్యమని కొందరు అంటారు, ఇనప క్యాన్లు తీసుకెళ్లండి. క్యాను నేల మీద పెట్టి నింపాలి, పైన కొంచెం ఖాళీ వదలాలి.

మీ గుంపులో అసలు ప్రమాదం క్యాన్లు కలిసిపోవడం. టూ స్ట్రోక్‌కి 50కి 1, లీటరుకి 20 మిల్లీలీటర్ల ఆయిలు. 25 లీటర్లకి అర లీటరు. ఆయిలు కలిపినది ఫోర్ స్ట్రోక్‌లో పడితే పొగ, ప్లగ్గు మసి, అంతవరకే. ఆయిలు లేనిది టూ స్ట్రోక్‌లో పడితే పిస్టన్ పట్టేస్తుంది, మోటారు అక్కడితో సరి. ఆయిలు కలిపిన క్యాన్లకి ఎర్ర టేపు నాలుగు వైపులా చుట్టండి, మూతకి కూడా. బైకులకి పోసే టూటీ ఆయిలు వద్దు, అవుట్‌బోర్డ్‌కి (బోటు వెనక బిగించే మోటారుకి) టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్నదే. బైకు ఆయిల్లో బూడిద మిగిలే పదార్థాలుంటాయి, నీటితో చల్లబడే మోటారులో ప్లగ్గుల మీద పేరుకుంటాయి.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. గాలిలో తేమ పీల్చుకుంటుంది, నీరు ఎక్కువైతే అడుగున విడిపోతుంది. కిందటి నెలది వాడకండి. పాత రబ్బరు గొట్టాలు, చేతి పంపు బల్బు మెత్తబడ్డాయేమో పిసికి చూడండి. ట్యాంకుకీ మోటారుకీ మధ్య నీరు వేరు చేసే ఫిల్టరు పెట్టండి. ఒక ఫిల్టరు అదనంగా ఉంచండి.

మోటారు కాసేపు నడిచి ఆగిపోతే ముందు ట్యాంకు మూత మీద గాలి మర చూడండి. మూసి ఉంటే లోపల ఖాళీ ఏర్పడి పెట్రోలు రాదు, ట్యాంకు పక్కలు లోపలికి నొక్కుకుపోయి కనిపిస్తాయి.

రంభ_తీరం:

చిల్కా సంగతులు కొన్ని కలుపుతాను.

రంభ వైపు నీళ్లలో నాచు, గడ్డి ఎక్కువ. ఫ్యానుకి (ప్రొపెల్లర్‌కి) చుట్టుకోవడం కన్నా మోటారు నీళ్లు పీల్చే జల్లెడకి అంటుకోవడం పెద్ద ముప్పు. మోటారు వెనక నుంచి వచ్చే సన్నని నీటి ధారని నడిపేవాడు చూస్తూనే ఉండాలి. ధార సన్నగిల్లితే న్యూట్రల్, రెండు సెకన్లు రివర్సు, మళ్లీ చూడండి. పూర్తిగా ఆగితే మోటారు వెంటనే ఆపి, పైకి ఎత్తి చేత్తో తీసేయాలి. నీళ్లు లేకుండా నడిస్తే పంపులోని రబ్బరు ఇంపెల్లర్ చాలా త్వరగా కాలిపోతుంది. ధార వచ్చే రంధ్రంలో ఇసుక అడ్డం పడిందేమో సన్న తీగతో పొడిచి చూడండి. ఫ్యాను వెనక నీళ్లు బురదగా మారితే అడుగు తగలబోతోందని. అప్పటికే ఆలస్యమైనట్టే.

వెదురు కర్రల వరస కనిపిస్తే వాటి నడుమ నుంచి పోవద్దు, కింద వల ఉంటుంది. చివరిదాకా వెళ్లి చుట్టి రండి. వల చుట్టుకుంటే మోటారు ఆపి ఎత్తి విప్పండి. కత్తి చివరి దారి. వల కోస్తే దాని సొంతదారు దగ్గరికి వెళ్లి డబ్బు ఇచ్చి రండి, అది ఒక కుటుంబం కూడు. జాలర్ల నాటుపడవలకి పొడవాటి ఇరుసు చివర ఫ్యాను వెనకాల నీళ్లలో తిరుగుతూ ఉంటుంది. వాటి వెనక దగ్గరగా దాటకండి.

నలబన 15.53 చదరపు కిలోమీటర్ల పక్షుల అభయారణ్యం. అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. చుట్టూ లోతు బాగా తక్కువ, దూరంగానే తిరగండి. మకర సంక్రాంతికి కాళీజాయి దగ్గర మేళా, బోట్లు కిక్కిరిసి ఉంటాయి. ఆ రోజులు వదిలేయండి.

సాతపడ దగ్గర ఇరావతి డాల్ఫిన్లు కనిపిస్తే అయిదు బోట్లూ చుట్టుముట్టకండి, దయచేసి. ఒకటో రెండో, అదీ దూరంగా, గేరు తీసేసి ఆగండి. ఫ్యాను దెబ్బకి అవి చచ్చిపోతాయి. 2000లో తవ్విన కొత్త మొగ (చిల్కా సముద్రంలో కలిసే చోటు) వైపు మాత్రం పోవద్దు. పోటూ పాటూ బలంగా ఉంటాయి, ఇసుక మేటలు జరుగుతుంటాయి.

బరంపురం_బోట్లు:

చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. ఇంకొక్కటి: దారిలో ఒక మోటారు పూర్తిగా ఆగిపోతే లాక్కురావడం ఎలా? జాలర్ల పచ్చ ప్లాస్టిక్ తాడు సరిపోతుందా?

లంగరుతాడు:

ప్లాస్టిక్ తాడు నీటి మీద తేలుతుంది గానీ సాగదు, ప్రతి అలకీ కుదుపుతుంది. 12 మిల్లీమీటర్ల నైలాన్, 20 నుంచి 25 మీటర్లు తీసుకోండి. అది మునుగుతుంది, కాబట్టి వదులైనప్పుడల్లా ఫ్యాను దగ్గరికి పోకుండా ఒకరు చేత్తో పట్టి ఉండాలి.

లాగే బోటులో ఒక మూలకే కట్టొద్దు, బోటు తిరగదు. అమరం రెండు మూలల నుంచీ రెండు కొసలు తెచ్చి, మోటారు వెనక కలిపి, ఆ ముడి నుంచి తాడు తియ్యండి. లాగించుకునే బోటుకి అణియం మీద కాకుండా కింద ట్రైలర్ కొక్కెం తగిలించే రింగుకి కట్టాలి. పైన కడితే ముక్కు నీళ్లలోకి గుంజుతుంది. ఆ బోటులో ఉన్నవాళ్లు అమరం వైపు కూర్చోవాలి. దాని మోటారు కిందికి దించి నిటారుగా ఉంచితే చుక్కానిలా పనికొస్తుంది. వేగం 8 కిలోమీటర్లు మించొద్దు. తాడుకి ఎదురుగా ఎవరూ నిలబడొద్దు, తెగితే కొరడాలా కొడుతుంది. లాగే బోటులో కత్తి చేతికి అందేలా పెట్టుకోండి.

ఈ 8 కిలోమీటర్ల వేగమే మీ రెండోరోజు గడియారాన్ని మారుస్తుంది. సాతపడ నుంచి రంభ దాదాపు 45 కిలోమీటర్లు. లాక్కుంటూ వస్తే అయిదున్నర గంటలకి పైనే. జనవరిలో సాయంత్రం అయిదున్నర ప్రాంతంలోనే పొద్దు పోతుంది, చీకట్లో వెదురు కర్రలు కనపడవు. రెండు గంటలకి కాదు, పదకొండున్నర లోపే సాతపడ వదలాలి. పొద్దున మంచు విడిచాక ఎనిమిదికి బార్కుల్‌లో బయల్దేరితే పదింటికల్లా సాతపడ చేరతారు, గంటన్నర చేతిలో ఉంటుంది. మంచు తొమ్మిది దాటినా విడవకపోతే సాతపడ మానేసి బార్కుల్ నుంచి రంభకి వచ్చేయండి. భోజనం రంభలో.