అప్‌డేట్: రంగు వేశాక జుట్టు తెగిపోవడం – కారణం తేలింది

రంగేశాక జుట్టు పీచులా గరుకెక్కి, దువ్వితే మధ్యలో తెగుతోందని అడిగాను కదా. బదులిచ్చినవాళ్లందరికీ థ్యాంక్స్. తిరుపతిలో స్కిన్ డాక్టర్‌ చూసి, కుదుళ్లు బాగున్నాయి, ఇది ఊడటం కాదన్నారు. రంగులోని అమోనియా వెంట్రుక పైపొర పొలుసుల్ని లేపుతుంది. రంగులో కలిపే 20 వాల్యూమ్ డెవలపర్, అంటే 6% హైడ్రోజన్ పెరాక్సైడ్, వెంట్రుకకు బలమిచ్చే లోపలి సల్ఫర్ బంధాల్ని కొన్నిటిని తెంచేస్తుంది. అవి మళ్లీ అతుక్కోవు. అలా దెబ్బతిన్న వెంట్రుకకే మా బోరు నీళ్లలోని కాల్షియం ఎక్కువగా పడుతుంది.

ఇక్కడొకరు చెప్పిన ఈడీటీఏ షాంపూయే (ఆ కాల్షియాన్ని పట్టి కడిగేసేది) పనిచేసింది: పదిహేను రోజులకోసారి, వెంటనే చివర్లకు కండిషనర్, 3 నిమిషాలు. మెత్తదనం వచ్చింది, కానీ అది పైపూతే. చిట్లిన చివర్లు కత్తిరించాల్సిందే. వారం వారం వేసే కెరాటిన్ (ప్రోటీన్) మాస్క్ ఆపాకే బిరుసు తగ్గింది. బయోటిన్ (విటమిన్) మాత్రలకీ, నూనె మార్చడానికీ దీంతో సంబంధమే లేదు. ఇకమీదట రంగు కొత్తగా పెరిగిన మొదళ్లకే.