నాన్నగారి హరికథ క్యాసెట్లు: 128 ఎంపీ3ని 320కి మారిస్తే బాగుపడుతుందా?

పాతటేపు: నాన్నగారు రేడియో పక్కన కూర్చుని రికార్డు చేసుకున్న హరికథ క్యాసెట్లు నలభై దాకా ఉన్నాయి. టేప్ రికార్డర్ హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి ల్యాప్‌టాప్‌కి వైరు పెట్టి, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసి, చోటు కలిసొస్తుందని నేరుగా 128 కేబీపీఎస్ (సెకనుకి 128 కిలోబిట్ల) ఎంపీ3గా దాచేశాను. ఆరు క్యాసెట్లయ్యాక వింటే చిడతలు మోగినప్పుడల్లా చిరచిర. 320కి మారిస్తే పోతుందా?

గోదారిగట్టు: పోదండీ. ఎంపీ3 చేసేటప్పుడు వదిలేసిన శబ్దం మళ్లీ రాదు, ఫైలు లావెక్కుతుందంతే. ఆ ఆరూ మళ్లీ రికార్డు చేసుకోండి, తప్పదు. ఈసారి శబ్దాన్ని కుదించకుండా దాచే వేవ్ ఫైలుగా, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్. స్టీరియో అయితే గంటకి 600 ఎంబీ పైనే అవుతుంది. దాన్ని ఫ్లాక్ అనే ఫైలు రకంలోకి మారిస్తే ఇంచుమించు సగానికి దిగుతుంది, శబ్దంలో పిసరంత కూడా పోదు. కారుకి కావాల్సిన ఎంపీ3 ఆ ఫ్లాక్ నుంచే తీసుకోండి.

చిన్నస్క్రూ: చిరచిర పాపమంతా ఎంపీ3దే కాకపోవచ్చు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఉండేది మైకు రంధ్రమే, హెడ్‌ఫోన్ శబ్దం దానికి ఎక్కువై పగులుతుంది, పైగా మోనో. లైన్ ఇన్ (బయటి ప్లేయర్ శబ్దం తీసుకునే రంధ్రం) ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి కొనండి. ఎంత గట్టిగా పాడినా ఆడాసిటీ మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. శబ్దం మూసుకుపోయినట్టుంటే టేపు హెడ్డు (టేపుని చదివే భాగం) పక్కన బుల్లి స్క్రూ ఉంటుంది, పాట నడుస్తుండగానే కొద్దికొద్దిగా తిప్పితే చిడతలు తేటపడే చోటు ఒకటి దొరుకుతుంది. నేను ఈ సంగతి పాతిక క్యాసెట్లు ఎక్కించాక తెలుసుకున్నా, ఆ ఏడుపు వేరే.

కారులోపాట: ఇదే చర్చలో నాదో గోల. ఎంపీ3 పాటల పేర్లు తెలుగులో పెట్టా, కారులో అన్నీ ప్రశ్నార్థకాలే!

గోదారిగట్టు: పాత ఐడీ3 మొదటి రకం ట్యాగు (ఎంపీ3 ఫైల్లోనే పాట పేరు దాచే చోటు) అయ్యుంటుంది. అందులో పేరుకి 30 బైట్లే, తెలుగుకి చోటే లేదు. ఎంపీ3ట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫైళ్లన్నీ ఎంచుకుని, ట్యాగు రకం ఐడీ3వీ2.3, తెలుగు అక్షరాలు పట్టే యూటీఎఫ్-16 పెట్టి సేవ్ చేయండి. అప్పుడు ప్రశ్నార్థకాల బదులు డబ్బాలు కనిపిస్తే మాత్రం కారులో తెలుగు ఫాంటు లేనట్టే, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవడమే.

పాతటేపు: సౌండ్ కార్డు వచ్చింది, స్క్రూ కూడా తిప్పా. మొదటి క్యాసెట్ మళ్లీ ఎక్కిస్తే చిడతల వెనక మా అమ్మ "అన్నం చల్లారిపోతోంది" అని పిలవడం కూడా వినబడింది. ఎంపీ3లో అది గొణుగుడులా ఉండేది. ఇంకొకటి అడగాలి, రెండు క్యాసెట్లలో టేపు తెగిపోయింది, మామూలు సెల్లోటేపు వేయొచ్చా?

చిన్నస్క్రూ: అయ్యో వద్దు! దాని జిగురు కారి హెడ్డుకి అంటుకుంటుంది. స్ప్లైసింగ్ టేపని విడిగా దొరుకుతుంది, అది టేపుకి వెనకవైపే, హెడ్డుకి తగలని వైపు అతికించండి.