పాప ముఖం మీద గాయం: మచ్చ మిగలకుండా ఏం చేయవచ్చు?

రాజాం నాన్న (ప్రశ్న)

మా పాపకు నాలుగేళ్లు. మొన్న సాయంత్రం వీధిలోని సిమెంటు రోడ్డు మీద పరుగెడుతూ బోర్లా పడింది. ఎడమ కనుబొమ్మ చివర అర అంగుళం మేర చర్మం చిట్లింది. బుగ్గ మీద రూపాయి బిళ్లంత మేర దోక్కుపోయింది. దగ్గరలో ఉన్న ఒక క్లినిక్‌కు తీసుకువెళ్తే కనుబొమ్మ దగ్గర మూడు కుట్లు వేసి, బుగ్గకు బెటాడిన్ రాసి, కుట్లు తీయించుకోవడానికి పది రోజుల తరవాత రమ్మన్నారు. బుగ్గకు కట్టు వద్దని, గాలికి ఆరితే అదే పక్కు కట్టి మానిపోతుందని కూడా చెప్పారు.

ఇంటికి వచ్చాక ఎవరికి తోచింది వారు చెబుతున్నారు. మా అమ్మ పసుపు, కొబ్బరినూనె కలిపి పెట్టమంటోంది. మా అత్తగారు గడ్డి చామంతి పసరు పిండితే మచ్చే పడదంటున్నారు. మందుల షాపులో అడిగితే మచ్చలు పోగొట్టే క్రీము అంటూ ఒక ట్యూబు చేతిలో పెట్టారు కానీ, దాని మీద చిన్న అక్షరాలలో స్టెరాయిడ్ పేరు కనిపించడంతో ఇంకా మూత తీయలేదు. పలకరించడానికి వచ్చినవారందరూ "ఆడపిల్ల ముఖం కదా" అని నిట్టూర్చి వెళ్తున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా పాప అద్దం దగ్గరకు వెళ్లి నిలబడుతోంది.

కుట్లు నిజంగా పది రోజులు ఉంచాలా, బుగ్గను ఆరనివ్వాలా లేక కప్పాలా, క్రీములు ఎప్పటి నుంచి వాడాలి అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

శ్రీకాకుళం సిస్టరమ్మ

బాబూ, నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ముందుగా కుట్ల సంగతి చెబుతాను, ఎందుకంటే అందులో ఆలస్యం పనికిరాదు. ముఖానికి రక్తప్రసరణ ఎక్కువ కాబట్టి అక్కడి గాయం తొందరగా అతుక్కుంటుంది. అందుకే ముఖం మీది కుట్లను సాధారణంగా అయిదో రోజుకు అటూ ఇటూగా తీసేస్తారు. పది నుంచి పద్నాలుగు రోజులు ఉంచేది మోకాలు, అరికాలు వంటి చోట్ల. ముఖం మీద అంతకాలం ఉంచితే దారం దిగిన ప్రతి రంధ్రమూ విడిగా మచ్చ కట్టి, గీతకు ఇరువైపులా జెర్రి కాళ్లలా కనిపిస్తుంది. మీరు నాలుగో రోజుకల్లా కుట్లు వేసిన డాక్టరు గారికి గాని, మరో సర్జన్‌కు గాని చూపించి, ఎప్పుడు తీయవచ్చో అడగండి. మీరే ఇంట్లో తీయవద్దు. కుట్లు తీసేనాటికి అక్కడి చర్మానికి మామూలు బలంలో పదో వంతు కూడా రాదు కాబట్టి, తీసిన వెంటనే సన్నని పేపరు టేపు ముక్కలను గీతకు అడ్డంగా అంటించి కొన్ని వారాలు ఉంచితే గాయం మీద లాగుడు తగ్గి, గీత వెడల్పు కాకుండా ఉంటుంది.

ఇక బుగ్గ. గాయాన్ని ఆరబెట్టాలన్నది మా శిక్షణ రోజులనాటి మాట. 1962లోనే జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల చర్మం మీద పరీక్షించి, కప్పి తేమగా ఉంచిన గాయాల మీద కొత్త చర్మం, గాలికి ఆరినవాటి కంటే దాదాపు రెట్టింపు వేగంతో పరుచుకుంటుందని చూపించాడు. పక్కు గట్టిపడితే కొత్త చర్మం దాని అడుగున దారి వెతుక్కుంటూ పోవాలి, పైగా నాలుగేళ్ల పిల్ల దానిని గోకి పీకకుండా ఉండదు. అందువల్ల రోజుకొకసారి చేతులు కడుక్కుని, గాయాన్ని మంచినీటి ధార కింద, తేలికపాటి సబ్బుతో కడిగి, శుభ్రమైన మెత్తని గుడ్డతో అద్ది, పెట్రోలియం జెల్లీ పలుచగా రాసి, పుండుకు అంటుకోని గాజ్ గుడ్డతో (పలుచని కట్టుగుడ్డతో) కప్పండి. జెల్లీ కొత్త ట్యూబుదై ఉండాలి. ఇంట్లో అందరూ వేలు పెట్టే డబ్బాలోది వద్దు. బెటాడిన్ మొదటి రోజు రాయడంలో తప్పు లేదు కానీ రోజూ పోస్తే కొత్తగా పుట్టే కణాలకు కూడా అది మంట పెడుతుంది. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, నీళ్లు కలపని డెట్టాల్ అసలు వద్దు.

టీకా కార్డు ఒకసారి తీసి చూడండి. 6, 10, 14 వారాల మోతాదులు, 16-24 నెలల మధ్య వేసే బూస్టరు పడి ఉంటే ఇప్పుడు విడిగా ధనుర్వాతం ఇంజెక్షన్ అవసరం ఉండదు. అయిదేళ్లు నిండాక వేసే బూస్టరు మాత్రం మరవకండి.

ఉద్దానం అమ్మ

అన్నయ్య గారూ, మా బాబుకు గట్టు మీద నుంచి పడి పైపెదవి చిట్లింది. గాయం చిన్నదే, కానీ పెదవి ఎరుపు, చర్మం రంగు కలిసే అంచును దాటి పైకి పోయింది. ఆ అంచు వెంట్రుకవాసి తేడాతో అతికినా జీవితాంతం మెట్టులా కనిపిస్తుందని, ఇలాంటి గాయాన్ని చేయి తిరిగినవారే కుట్టాలని పలాసలో చూసిన డాక్టరు గారు చెప్పి, మమ్మల్ని నేరుగా శ్రీకాకుళం పంపించారు. ఆ రాత్రి ప్రయాణం కష్టమనిపించింది గాని, ఈ రోజు మా వాడి పెదవిలో గాయం ఎక్కడో వెతుక్కోవాలి.

సిస్టరమ్మ గారు చెప్పిన కప్పే పద్ధతి మంచిదే, అయితే మన తీరప్రాంతపు ఉక్కలో ప్లాస్టరు కింద చెమట నిలిచి మా వాడికి చుట్టూ దద్దుర్లు లేచాయి. అప్పటి నుంచి పగలు బయటకు వెళ్లినప్పుడు మాత్రమే కప్పి, ఇంట్లో ఫ్యాను కింద జెల్లీ రాసి వదిలేసేదాన్ని. పిల్ల చేయి పెట్టకుండా ఉంటే అది కూడా చాలుతుందని నా అభిప్రాయం.

పసరు విషయంలో పెద్దవాళ్లను నొప్పించకుండా ఎలా తప్పించుకోవాలో మీకే తెలియాలి. గడ్డి చామంతిని మా ఊళ్లో గాయపాకు అనే అంటారు, పొలంలో కాలు తెగితే నేనూ పిండుకున్నాను. కానీ చేలగట్టున మట్టి అంటిన ఆకును నలిపి పసిపిల్ల ముఖం మీది పచ్చిపుండులో పిండడం వేరు. ఇంకో మాట: మా వైపు జీడిపిక్కలు కాల్చే రోజుల్లో పిల్లలను దగ్గరకు రానివ్వవద్దు. పచ్చి పిక్క తొక్కలోని నూనె చిమ్మి ముఖం మీద పడితే చర్మం కాలి బొబ్బలెక్కి, ఆ నల్లమచ్చ గాయపు మచ్చ కంటే మొండిగా నిలుస్తుంది.

చర్మవైద్యుడు, విజయనగరం

పాపను చూడకుండా చెబుతున్న మాటలు కాబట్టి వీటిని సాధారణ సమాచారంగా మాత్రమే తీసుకోండి. సిస్టరమ్మ గారు చెప్పిన దానితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఉక్క గురించి ఉద్దానం అమ్మగారు చెప్పిందీ నిజమే. గాయం తేమగా ఉండడం ముఖ్యం, అది జెల్లీ వల్లనా, కట్టు వల్లనా అన్నది పిల్లను బట్టి చూసుకోవచ్చు.

ఆ ట్యూబు మూత తీయకపోవడం మంచి పని. స్టెరాయిడ్ కలిసిన క్రీములను మచ్చలకు, తెల్లబడడానికి అంటూ చీటీ లేకుండా అమ్మడం మన ప్రాంతంలో మామూలైపోయింది. పచ్చిగాయం మీద అది రాస్తే మానడం ఆలస్యమవుతుంది, ముఖం మీద వారాల తరబడి రాస్తే చర్మం పలుచబడి సన్నని రక్తనాళాలు పైకి తేలుతాయి. యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ కూడా శుభ్రంగా ఉన్న చిన్న గాయానికి తప్పనిసరి కాదు. వాటిలో నియోమైసిన్ ఉన్నవి కొందరికి ఎలర్జీ తెస్తాయి. విటమిన్ ఇ క్యాప్సూల్ పిండి రాయడం గురించి చాలామంది అడుగుతారు. 1999లో అమెరికాలో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో దానివల్ల మచ్చకు మేలు కనిపించలేదు సరికదా, వాడినవారిలో దాదాపు మూడో వంతు మందికి చర్మం మీద దద్దురు వచ్చింది.

మీ పాప రెండు గాయాలూ రెండు రకాలు, వాటి భవిష్యత్తు కూడా వేరు. బుగ్గ మీద పైపొర మాత్రమే దోక్కుపోయి, రెండు వారాల లోపల మానితే నిజమైన మచ్చ మిగలడం అరుదు. మిగిలేది రంగు. మనలాంటి చామనఛాయ చర్మం గాయానికి నలుపుతో స్పందిస్తుంది, ఆ నలుపును ముదిర్చేది ఎండ. చర్మం పూర్తిగా మూసుకున్న తరవాత జింక్ ఆక్సైడ్ ఉన్న, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్‌ను బయటకు వెళ్లే ముందు రాసి, ఎండలో ఉన్నంతసేపూ రెండు గంటలకొకసారి మళ్లీ రాయండి. అంచు వెడల్పుగా ఉన్న టోపీ పెట్టుకుంటే ఇంకా నమ్మకం. అరసవల్లి సూర్యనారాయణ స్వామికి దండం పెట్టించండి, తప్పులేదు, పాప బుగ్గను మాత్రం ఆయన కంట పడనివ్వకండి. ఇలా కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది పాటించాలి. ఎంత ఖరీదైన క్రీము అయినా ఈ నీడకు సాటిరాదని నా నమ్మకం.

కనుబొమ్మ గాయం లోతైనది కాబట్టి అక్కడ సన్నని గీత ఉంటుంది. కుట్లు తీసి, చర్మం గట్టిపడి, రసి ఏమీ లేదని తేలాక, అంటే సుమారు రెండు మూడు వారాలకు, సిలికాన్ జెల్‌ను రోజుకు రెండుసార్లు పలుచగా రాసి రెండు మూడు నెలలు కొనసాగించవచ్చు. అదే సమయంలో వేలికొనతో, నొప్పి కలగనంత ఒత్తిడితో, రోజుకు రెండు మూడుసార్లు కొద్ది నిమిషాలు మర్దన చేయవచ్చు. పిల్లల చర్మం త్వరగా మానుతుంది గాని, మచ్చ పెద్దవాళ్లలో కంటే ఎక్కువ కాలం ఎర్రగా, గట్టిగా ఉంటుంది. మొదటి రెండు మూడు నెలల్లో అది మరింత ఉబ్బెత్తుగా కనిపించినా కంగారు పడవద్దు, ఏడాది దాటితే గాని దాని అసలు రూపం తెలియదు. గాయపు హద్దు దాటి పక్క చర్మంలోకి పెరుగుతూ దురద పెడితే మాత్రం అది కీలాయిడ్ కావచ్చు, వెంటనే చూపించాలి. ఏడాది తరవాత కూడా గీత ఇబ్బందిగా ఉంటే విశాఖపట్నం ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌లో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది.

ఇరుగుపొరుగు మాట గురించి ఒక్కటే. మగపిల్లవాడికైనా నేను ఇదే చికిత్స చెబుతాను. వచ్చినవారిని గుమ్మం దగ్గరే ఆపి, పాప ముందు మచ్చ ప్రస్తావన తేవద్దని చెప్పండి, ఎవరైనా అలిగితే అలగనివ్వండి.

రాజాం నాన్న

డాక్టరు గారికి, సిస్టరమ్మ గారికి, చెల్లెమ్మకు ధన్యవాదాలు. ఈ రోజు వేరే సర్జన్ గారికి చూపించాము, ఎల్లుండి కుట్లు తీస్తామన్నారు. బుగ్గను ధార కింద కడిగి జెల్లీ రాయడం మొదలుపెట్టాము, పక్కు మెత్తబడి చాలావరకు ఊడింది. అయితే దాని అడుగున ఆవగింజలో సగం ఉండే నల్లని చుక్కలు రెండు మూడు కనిపిస్తున్నాయి. ఎండిన నెత్తురేమో అనుకుంటున్నాను. వదిలేయవచ్చా?

చర్మవైద్యుడు, విజయనగరం

వదిలేయవద్దు. ఎండిన నెత్తురైతే జెల్లీ రాసిన ఒకటి రెండు సార్లలో తడిగుడ్డకు వచ్చేస్తుంది. రాకుండా, నలుపులో కొంచెం నీలం కలిసినట్టు కనిపిస్తే అది రోడ్డు మీది ఇసుక గాని, సిమెంటు నలుసు గాని అయి ఉంటుంది. దాని మీద చర్మం మూసుకుంటే పచ్చబొట్టులాగే శాశ్వతంగా ఉండిపోతుంది, ఆ తరవాత లేజర్ వంటి చికిత్సలు తప్ప దారి ఉండదు. గాయం ఇంకా పచ్చిగా ఉన్న ఈ రోజుల్లోనే మత్తు జెల్ రాసి మెత్తని బ్రష్‌తో రుద్ది తీయడం తేలిక. మీరు సూదితో గాని పిన్నుతో గాని ప్రయత్నించకండి. ఎల్లుండి దాకా ఆగకుండా రేపు ఉదయమే సర్జన్ గారికి ఆ చుక్కలు చూపించండి, వీలైతే కుట్లు తీసే పని కూడా అప్పుడే అయిపోవచ్చు.