బెలారుసియన్, స్వీడిష్ భాషల్లో తెలుగువారికి ఏది దగ్గర?

ప్రశ్న:

వ్యాకరణాలను పోల్చి చూడాలన్న ఆసక్తితో ఐరోపా భాషలను రెండేసి చొప్పున పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాను. ప్రస్తుతం బెలారుసియన్, స్వీడిష్ భాషలు చూస్తున్నాను. రెండూ ఇండో-యూరోపియన్ కుటుంబానికి చెందినవే అయినా మొదటిది తూర్పు స్లావిక్ శాఖలోనూ, రెండవది ఉత్తర జర్మానిక్ శాఖలోనూ చేరతాయి. స్వీడిష్ సులువనీ, బెలారుసియన్ కష్టమనీ చాలా చోట్ల చదివాను. అయితే ఆ తీర్పు ఇంగ్లీషు తెలిసినవారిని దృష్టిలో పెట్టుకుని ఇచ్చినదేమో అని నా అనుమానం. తెలుగు మాతృభాషగా ఉన్నవారు ఈ రెండింటినీ చూసినప్పుడు కూడా తూకం అటే మొగ్గుతుందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

మొదటి సమాధానం:

మీ అనుమానం సరైనదే. స్వీడిష్ సులువుగా కనిపించడానికి ముఖ్య కారణం దాని క్రియ. నేను, నువ్వు, వాళ్లు అని కర్త ఎంత మారినా ‘చదువు’ అనే అర్థంలో వర్తమాన క్రియ ‘లేసెర్’ అనే ఉంటుంది. బెలారుసియన్‌లో అది ‘చితాయు’, ‘చితాయెష్’, ‘చితాయె’ అని కర్తను బట్టి మారుతుంది. ఇంగ్లీషు అలవాటైనవారికి ఇది బరువే కాని, చదువుతాను, చదువుతావు, చదువుతాడు అని పుట్టినప్పటినుంచి పలుకుతున్న మనకు ఇందులో వింత ఏముంది?

వాక్యనిర్మాణంలో ఈ దగ్గరితనం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ‘ఇది మా ఇల్లు’ అన్నప్పుడు మనకు క్రియ అక్కరలేదు. బెలారుసియన్‌లో కూడా ‘హెతా నాష్ దోమ్’ అంటే చాలు, కాని స్వీడిష్‌లో మధ్యలో ‘ఏర్’ అనే క్రియ లేకపోతే అది వాక్యమే కాదు. ‘నా దగ్గర పుస్తకం ఉంది’ అని మనం చెప్పే తీరులోనే బెలారుసియన్ కూడా చెబుతుంది, పుస్తకమే కర్తగా. (కలిగి ఉండడాన్ని నేరుగా తెలిపే క్రియ కూడా ఆ భాషలో ఉంది, రష్యన్‌లో కంటే దానికి వాడుక ఎక్కువ.) ఇక పుస్తకానికి ‘క్నీహ’ అనే ప్రథమా విభక్తి రూపం, ‘క్నీహు’ అనే ద్వితీయా విభక్తి రూపం వేరువేరుగా ఉండడం వల్ల ‘అన్న పుస్తకాన్ని చదువుతున్నాడు’, ‘పుస్తకాన్ని అన్న చదువుతున్నాడు’ అని మనం పదాలను అటూ ఇటూ మార్చినట్టే అక్కడా మార్చవచ్చు. స్వీడిష్‌లో ఆ స్వేచ్ఛ తక్కువ. సాధారణ వాక్యంలో క్రియ రెండవ స్థానాన్ని వదలదు. ‘ఈ రోజు’ అనే మాటతో వాక్యం మొదలుపెడితే కర్త క్రియ వెనక్కి వెళ్లవలసిందే. క్రియను చివరికి నెట్టే మన అలవాటుకు ఇది పూర్తిగా కొత్త.

రెండవ సమాధానం:

పై సమాధానంలోని ఉదాహరణలన్నీ సరైనవే కాని, వాటినుంచి బెలారుసియన్ మనకు సులువు అనే నిర్ణయానికి రావడం తొందరపాటు అవుతుంది. తెలుగులో ‘కి’ ప్రత్యయం ఏ నామవాచకానికైనా దాదాపు ఒకే తీరుగా అతుకుతుంది. బెలారుసియన్‌లో అదే విభక్తికి పదం లింగాన్ని, వచనాన్ని, చివరి అక్షరాన్ని బట్టి వేరువేరు రూపాలు ఉంటాయి. ఆరు విభక్తులు, మూడు లింగాలు, రెండు వచనాలు కలిసి ఎంత పెద్ద పట్టిక అవుతుందో ఊహించవచ్చు. పైగా విశేషణం కూడా నామవాచకంతో పాటు మారుతుంది. మన ‘కొత్త’ అనే మాట ఏ విభక్తిలోనూ కదలదు. స్వీడిష్ విశేషణం లింగవచనాలను బట్టి మారుతుంది, విభక్తి ప్రసక్తి మాత్రం ఉండదు.

క్రియ విషయంలో అసలు చిక్కు పురుష ప్రత్యయాలది కాదు. పని జరుగుతూ ఉండడాన్ని, పూర్తికావడాన్ని తెలపడానికి ‘చితాత్స్’, ‘ప్రాచితాత్స్’ వంటి జంట క్రియలు ఉంటాయి, వాటిలో ప్రతిసారీ ఒకదానిని ఎంచుకోవాలి. భూతకాలంలో ‘నేను చదివాను’ అనేందుకు పురుషుడు ఒక రూపం, స్త్రీ మరొక రూపం వాడతారు.

స్వీడిష్‌లో మనకు ఎదురయ్యే కొత్తదనం నిర్దిష్టతను చూపే పద్ధతి. ‘బూక్’ అంటే ఏదో పుస్తకం, ‘బూకెన్’ అంటే ఫలానా పుస్తకం. ఈ ప్రత్యయం పదం చివర చేరుతుంది కాబట్టి దాని రూపం మనకు ఇబ్బంది కాదు, ఎప్పుడు చేర్చాలన్నదే ఇబ్బంది. బెలారుసియన్‌కు, తెలుగుకు ఈ బెడద లేదు.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఉచ్చారణ సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. రాసినది చూసి పలకడంలోనూ, విన్నది పట్టుకోవడంలోనూ ఏది ఎక్కువ శ్రమ పెడుతుంది?

మూడవ సమాధానం:

ఇక్కడ తూకం తిరగబడుతుంది. స్వీడిష్‌లో సరస్సు, నక్షత్రం, చొక్కా అనే అర్థాలిచ్చే మూడు మాటలూ ఒకే ధ్వనితో మొదలైనా, ఆ ధ్వనిని రాయడం మాత్రం మూడు రకాలు. ఆ ధ్వనికి తెలుగులో సరైన సమానం లేదు. దానికి తోడు స్వరస్థాయి ఒకటి ఉంది. ‘ఆండెన్’ అనే మాటను ఒక స్వరంతో పలికితే బాతు, మరొక స్వరంతో పలికితే ఆత్మ అని అర్థం. (ఫిన్లాండ్‌లో మాట్లాడే స్వీడిష్‌లో ఈ స్వరభేదం లేదు.) అచ్చులలో హ్రస్వదీర్ఘ భేదం ఉండడం మాత్రం మనకు అనుకూలమే.

బెలారుసియన్ వర్ణక్రమం చాలావరకు పలుకుబడిని అనుసరిస్తుంది. ఊనిక (ఒత్తి పలకడం) లేని ‘ఒ’ అక్కడ ‘అ’ అవుతుంది, రాతలో కూడా ‘అ’ అనే రాస్తారు. నీరు ‘వదా’, దాని బహువచనం ‘వోది’: ఊనిక స్థానం మారగానే అక్షరమే మారింది. రష్యన్‌లో ఇటువంటి మాటలను పాత అక్షరంతోనే రాసి వేరుగా పలుకుతారు.

అయితే వినే అవకాశం దగ్గర బెలారుసియన్ వెనుకబడుతుంది, దానికి కారణం చరిత్ర. బెలారుస్ ప్రాంతానికి చెందిన ముద్రణకర్త ఫ్రాన్సిస్క్ స్కారీనా ప్రాగ్ నగరంలో 1517లో బైబిల్ భాగాలను అచ్చువేయడం మొదలుపెట్టాడు. స్వీడిష్‌లో కొత్త నిబంధన 1526లో, పూర్తి బైబిల్ 1541లో వెలువడ్డాయి. ఆ తర్వాత స్వీడిష్ ఒక రాజ్యపు భాషగా ఆగకుండా సాగింది. నేటి బెలారుస్ అప్పట్లో భాగంగా ఉన్న లిథువేనియా మహా సంస్థానంలో 1588 నాటి శాసన సంపుటిని రాసిన పాత బెలారుసియన్ మాత్రం 1696లో పోలిష్‌కు చోటిచ్చి కార్యాలయాలనుంచి తప్పుకుంది. బెలారుస్‌లో ఈ భాష 1990లో ఏకైక రాజ్యభాషగా గుర్తింపు పొందినా 1995 ప్రజాభిప్రాయ సేకరణతో రష్యన్‌కు సమాన హోదా వచ్చింది. 2009 జనాభా లెక్కలలో సుమారు 53 శాతం మంది దీనిని మాతృభాషగా చెప్పుకోగా, ఇంట్లో మాట్లాడతామన్నవారు సుమారు 23 శాతమే. అదే సంవత్సరం స్వీడన్‌లో స్వీడిష్‌ను ప్రధాన భాషగా ప్రకటిస్తూ చట్టం వచ్చింది.

మీరు బెలారుసియన్ పాఠ్యపుస్తకం తీసుకునేటట్లయితే అది ఏ వర్ణక్రమంలో ఉందో ముందుగా చూసుకోండి. 1918లో వ్యాకరణం రాసిన తరష్కెవిచ్ పేరుమీద ఒక పద్ధతి, 1933 సంస్కరణ తర్వాత వచ్చిన అధికారిక పద్ధతి ఒకటి నేటికీ వాడుకలో ఉన్నాయి. బడి పుస్తకాలు, ప్రభుత్వ ప్రచురణలు రెండవ పద్ధతిలోనే వస్తాయి.