రాత్రి ఏట్లో వాడే తేలే లూర్ (చేపలు పట్టే నకిలీ ఎర) ప్రవాహంలో బోల్తా కొడుతోంది, ఏం మార్చాలి?

బాల్సా చెక్కతో చేసిన లూర్. పొడవు 10 సెం.మీ., లావు 22 మి.మీ. ముక్కుకి 1.5 మి.మీ. అల్యూమినియం రేకు, 38 మి.మీ. వెడల్పున గరిటెలా వంచి రెండు మరలతో బిగించినది. లోపల ఈ చివరి నుంచి ఆ చివరిదాకా 1.2 మి.మీ. స్టీలు తీగ, కింద రెండు ట్రెబుల్ హుక్‌లు (మూడు ముళ్ల గాలాలు), పొట్టలో 4 గ్రాముల సీసం.

నిలవ నీళ్లలో రీల్ మెల్లగా తిప్పితే అటూ ఇటూ ఊగుతూ గ్లబ్ గ్లబ్‌మంటుంది. చీకట్లో కావలసింది ఆ చప్పుడే. రంగు నలుపు, కింది నుంచి చూసే చేపకి కనిపించేది నీడే కదా.

చిక్కల్లా ప్రవాహానికి ఎదురు లాగినప్పుడే. రెండు ఊపులు ఊగి వెల్లకిలా పడి గిరగిరా తిరుగుతుంది, లైన్ (గాలపు దారం) మెలికలు పడుతుంది. రేకు వంకర లేదు, కొలిచాను. సీసం 6 గ్రాములు చేస్తే బోల్తా ఆగుతుంది గానీ ఊపు చచ్చిపోతుంది.

రేకు వెడల్పు 32కి తగ్గించాలా, లైన్ కట్టే కన్నం కాస్త కిందికి దించాలా? రేకు ఒకసారి కోస్తే మళ్లీ అతకదు, అందుకే ముందు అడుగుతున్నా.

ఇంకోటి, మరల కన్నాల్లోంచి నీరు పట్టి చెక్క ఉబ్బి రంగు పగులుతోంది. మర దించే ముందు కన్నంలో పల్చటి ఎపాక్సీ జిగురు పోస్తే సరిపోతుందా?