అంగన్‌వాడీ, ఏఎన్ఎం, ఆశా కలిసి పనిచేస్తున్నారో లేదో అంకెల్లో తేల్చడం ఎలా?

మండల_డెస్క్ అడిగిన ప్రశ్న:

మండలంలో 45 అంగన్‌వాడీ కేంద్రాలు, రెండు పీహెచ్‌సీలు. ఐసీడీఎస్‌కూ (అంగన్‌వాడీలను నడిపే విభాగం) వైద్య ఆరోగ్య శాఖకూ మధ్య సమన్వయం ఎంత ఉందో లెక్క కట్టి నివేదిక ఇవ్వాలి. ఇచ్చిన ఫారంలో అడిగినవి మూడే: సమన్వయ సమావేశాలు ఎన్ని జరిగాయి, హాజరు ఎంత, గ్రామ ఆరోగ్య పోషణ దినం జరిగిందా. మూడింటికీ నూటికి నూరు వస్తోంది. కానీ ఎన్‌ఆర్‌సీకి (ఆసుపత్రిలోని పోషణ పునరావాస కేంద్రం) రాసిన పిల్లల్లో చాలామంది అక్కడికి చేరడం లేదు. ఏం కొలిస్తే అసలు సంగతి తెలుస్తుంది? పనికి ఇద్దరు మనుషులు, రెండు వారాల గడువు ఉన్నాయి.

చేతికొలత:

సమావేశం జరిగిందంటే అందరూ ఒకచోట కూర్చున్నారని మాత్రమే తెలుస్తుంది. మీరు చూడాల్సింది బిడ్డ ఒక శాఖ చేతిలోంచి ఇంకో శాఖ చేతిలోకి వెళ్లిందా, మళ్లీ తిరిగొచ్చిందా అని. అందుకు శామ్ పిల్లలే, అంటే తీవ్ర పోషకాహార లోపం ఉన్నవాళ్లే, సరైన దారం. సంఖ్య తక్కువ కాబట్టి శాంపిల్ వద్దు, గత ఆరు నెలల్లో మండలమంతా గుర్తించిన ప్రతి బిడ్డనూ తీసుకోండి.

ఒక్కో బిడ్డకు ఒక్కో వరుస. గడుల్లో తేదీలే రాయండి, అవును కాదు అని రాయొద్దు. అంగన్‌వాడీ టీచర్ కొలిచిన తేదీ, ఆకలి పరీక్ష (పెట్టిన ఆహారం బిడ్డ సరిగ్గా తింటుందా అని చూడటం) చేసిన తేదీ, ఏఎన్ఎం (ఉపకేంద్రం నర్సు) లేదా డాక్టర్ చూసిన తేదీ, ఎన్‌ఆర్‌సీకి రాసిన తేదీ, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ, ఆ కబురు టీచర్‌కు అందిన తేదీ, ఆ తర్వాత పదిహేను రోజులకోసారి జరగాల్సిన నాలుగు తిరుగు పరీక్షల తేదీలు.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. 2023 అక్టోబరులో రెండు కేంద్ర మంత్రిత్వ శాఖలు విడుదల చేసిన ప్రోటోకాల్ ప్రకారం శామ్ పిల్లలందరినీ ఎన్‌ఆర్‌సీకి పంపనక్కర్లేదు. ఆకలి బాగుండి, వేరే జబ్బు లేకపోతే అంగన్‌వాడీలోనే చూసుకోవాలి. ఆకలి పరీక్షలో తప్పినవాళ్లు, రెండు పాదాల్లో నీరు చేరినవాళ్లు, జబ్బు ఉన్నవాళ్లు వెళ్లాలి. కాబట్టి రిఫరల్స్ పెరిగితే సమన్వయం పెరిగినట్టు కాదు. ఆకలి పరీక్ష చేయకుండానే రాసేస్తున్నారని కూడా కావచ్చు.

రోజుల లెక్కలో సగటు వేయకండి. ఉదాహరణకు 20 మందికి రాస్తే 8 మంది చేరారు, ఆ 8 మందీ వారంలోపే, సగటున 3 రోజుల్లో చేరారు అనుకుందాం. "సగటు 3 రోజులు" అని రాస్తే చేరని 12 మందీ కాగితం మీద కనిపించకుండా పోతారు. "రాసిన 20 మందిలో 7 రోజుల్లోపు చేరినవారు 8 మంది, 40 శాతం" అని రాయండి. కింద హారంలో ఎప్పుడూ ఆ మెట్టు మొదట్లో ఉన్న అందరి సంఖ్యే రావాలి.

డిశ్చార్జి కబురు సంగతి మాత్రం ఫోన్లో అడగొద్దు. కేంద్రానికి వెళ్లి, ఎన్‌ఆర్‌సీ జాబితా చూపించకుండా, "ఈ మధ్య అక్కడి నుంచి ఎవరైనా తిరిగొచ్చారా, ఎంత బరువుతో వచ్చారు?" అని అడగండి. పేరు ముందే చెబితే "అవునండి, తెలుసు" అనే జవాబే వస్తుంది.

జాబితా_జత:

పై పద్ధతి బాగుంది, కానీ తేదీలు నింపే ముందు అంగన్‌వాడీ, వైద్య శాఖల రెండు జాబితాల్లో ఉన్నది ఒకే బిడ్డా అన్నది తేలాలి. సగం శ్రమ అక్కడే.

ఒక రిజిస్టర్లో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక ఉంటుంది. బారసాల కాకముందు రాసిన చోట "బేబీ ఆఫ్" అని తల్లి పేరే ఉంటుంది. అందుకని బిడ్డ పేరుతో జత కలపొద్దు. తల్లి పేరు, పుట్టిన తేదీ, ఆడా మగా, ఊరు అనే నాలుగింట్లో మూడు కలిస్తే జత అనుకోండి. అనుమానం ఉంటే తల్లి దగ్గరుండే మాతా శిశు సంరక్షణ కార్డు చూడండి. రెండు శాఖల రాతలూ ఒకేచోట కనిపించేది అందులోనే.

పుట్టింటి కాన్పులు ఇంకో చిక్కు. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి వెళ్లిన అమ్మాయి అత్తగారి ఊళ్లో ఏఎన్ఎం దగ్గర నమోదై ఉంటుంది, పోషకాహారం పుట్టింటి ఊళ్లో తీసుకుంటుంది. ఆసుపత్రి కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా ఇంటికి రావాలి, కానీ ఏ ఊరి ఆశా? ఈ తల్లుల్ని లెక్కలోంచి తీసేయకండి, విడిగా ఒక పట్టిక వేయండి. సమన్వయం తెగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఇంకొకటి. ఆశా టేపుతో చేతి చుట్టుకొలత చూస్తుంది, 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే శామ్. అంగన్‌వాడీ టీచర్ వాడే పోషణ్ ట్రాకర్ యాప్ ఎత్తుకు తగ్గ బరువును లెక్కిస్తుంది. ఈ రెండూ పట్టుకునే పిల్లలు అందరూ ఒకరే కారు. ఒక జాబితాలో ఉండి ఇంకోదాంట్లో లేని బిడ్డను రెండు విధాలా మళ్లీ కొలిచాకే తప్పు ఎవరిదో రాయండి. రెండేళ్ల లోపు బిడ్డను పడుకోబెట్టి కొలవాలి. నిలబెట్టి కొలిచి ఉంటే ఆ అంకెకు 0.7 సెంటీమీటర్లు కలపండి.

మండల_డెస్క్:

కృతజ్ఞతలండి. రెండు జాబితాల్లోనూ లేని పిల్లల సంగతేంటి? వాళ్లను లెక్కించే దారి ఉందా?

చేతికొలత:

ఉందండి. 1949లో చంద్రశేఖరన్, డెమింగ్ ఇచ్చిన సూత్రం. కలకత్తా దగ్గరి సింగూరులో జనన మరణాల నమోదు ఎంతవరకు సరిగ్గా ఉందో తేల్చడానికి వాడారు. మొదటి జాబితా సంఖ్యను రెండోదానితో గుణించి, రెండింట్లోనూ ఉన్నవారి సంఖ్యతో భాగించాలి. టీచర్ దగ్గర 96 మంది, ఆశా దగ్గర 88 మంది, జత కలిసినవారు 80 అనుకోండి. 96 ఇంటూ 88 బై 80, అంటే సుమారు 106. రెండు జాబితాలూ కలిపితే 104 మందే. అంటే ఇద్దరూ వదిలేసినవారు ఇద్దరు ఉండొచ్చు. 104లో 80, అంటే 77 శాతం ఇద్దరికీ తెలిసిన పిల్లలు. మీ నివేదికకు ఈ 77 పనికొస్తుంది.

అయితే జాబితాలు విడివిడిగా తయారైతేనే ఈ సూత్రం నిలుస్తుంది. ఒకరి పుస్తకం చూసి ఇంకొకరు ఎక్కించుకుంటే జతలు పెరిగి, వదిలేసినవారి సంఖ్య ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. అందుకే తనిఖీ తేదీ ముందే చెప్పకండి, తక్కువ వచ్చిన చోట మెమోలు ఇవ్వకండి. మెమో వస్తుందని తెలిస్తే ఆ రాత్రికే రెండు రిజిస్టర్లూ ఒకేలా తయారవుతాయి. తర్వాత మీరు కొలవడానికి ఏమీ మిగలదు.

పల్లెదారి:

తల్లుల్ని అడిగే భాగం కూడా చేర్చండి. "సేవలు బాగున్నాయా?" అనొద్దు, అందరూ "బాగానే ఉందండి" అంటారు. జరిగినవి అడగండి: గత నెలలో బిడ్డ బరువు గురించి మీకు చెప్పినవాళ్లెవరు? ఒకరు చెప్పినదానికి ఇంకొకరు వేరుగా చెప్పారా? ఎన్‌ఆర్‌సీకి వెళ్లమన్నప్పుడు మీతో ఎవరు వచ్చారు? వెళ్లకపోతే ఎందుకు? ఈ చివరి జవాబును తల్లి మాటల్లోనే రాసుకోండి. రెండు వారాలు ఆసుపత్రిలో ఉంటే ఇంట్లో పెద్ద బిడ్డను ఎవరు చూస్తారు, కూలి పోతుంది కదా అనేవి తరచూ వస్తాయి. తల్లికి కూలి నష్టానికి డబ్బు ఇస్తారని ఆమెకు ఎవరైనా చెప్పారా అన్నది కూడా అడగండి. అది చెప్పడం ఎవరి పని అని ఆశాను, టీచర్‌ను వేర్వేరుగా అడిగితే చాలా సంగతులు తెలుస్తాయి.

పని పంపకం ఇలా: మొదటి రోజు ఏ అంగన్‌వాడీ ఏ ఉపకేంద్రం కిందికి వస్తుందో పట్టిక వేయండి. ఐసీడీఎస్ సెక్టారు హద్దులూ పీహెచ్‌సీ హద్దులూ ఒకటి కాకపోవచ్చు. ఒకే కేంద్రం రెండు ఉపకేంద్రాల మధ్య ఉంటే దానికి గుర్తు పెట్టుకోండి. తర్వాత రెండు రోజులు ఎన్‌ఆర్‌సీ రిజిస్టరు, పోర్టళ్లు. ఆపై స్వయంగా వెళ్లి చూడటానికి చీటీలు వేసి 12 కేంద్రాలు తీయండి, ఒక్కో మనిషికి ఆరు. ఒక్కోదానికి ఒక రోజు: పొద్దున జాబితాలు, మధ్యాహ్నం ఇళ్లు. కూలికి వెళ్లే తల్లులు సాయంత్రం ఐదు దాటాకే దొరుకుతారు. జీపు నాలుగింటికే వెనక్కి పంపేయకండి.