వార్‌హ్యామర్ 40కే నవలలు: ముందు హోరస్ రైజింగా, ఐజెన్‌హార్నా?

నీలికవచం

వార్‌హ్యామర్ 40కే లోకంలో నడిచే స్పేస్ మెరైన్ 2 వీడియో ఆట అయిపోయింది. ఆ లోకం గురించి ఇంకా తెలుసుకోవాలని నవలల మీద పడ్డాను. బొమ్మలు కొని రంగులేసి బల్ల మీద ఆడే ఉద్దేశం లేదు, పుస్తకాలు చాలు. ఎవర్ని అడిగినా రెండే మాటలు. సగం మంది హోరస్ హెరెసీ అనే నవలల వరుసలో ఒకటో పుస్తకం, హోరస్ రైజింగ్, పట్టుకోమంటారు. మిగతా సగం దాని జోలికి ఇప్పుడే వెళ్లొద్దు, ఐజెన్‌హార్న్ చదవమంటారు. ఇంగ్లిష్ చదవగలను గానీ నిదానంగా. నాలుగు పుస్తకాలకి మించి ఇప్పుడు కుదరదు. ఏది ముందు, ఎందుకు? చివర్లు బయటపెట్టకుండా చెప్పండి.

దొంతర

ఐజెన్‌హార్న్. రెండో ఆలోచన వద్దు. డాన్ ఆబ్నెట్ రాసిన మూడు నవలలు: జీనోస్ (2001), మాలియస్ (2001), హెరెటికస్ (2002). మూడూ ఒకే సంపుటంగా కూడా వచ్చాయి, అందులో మధ్యన రెండు చిన్నకథలుంటాయి.

ఆటలో మీరు చూసింది యుద్ధభూమి ఒక్కటే. చక్రవర్తి పేరు మీద నడిచే ఈ మనుషుల సామ్రాజ్యం పది లక్షల గ్రహాలది. అక్కడ మామూలు మనిషి ఎలా బతుకుతాడు, దేనికి మొక్కుతాడు, ఎవర్ని చూస్తే వణుకుతాడు అన్నది స్పేస్ మెరైన్ అనే మహాసైనికుడి శిరస్త్రాణం లోపల్నుంచి కనిపించదు. ఐజెన్‌హార్న్ ఇన్‌క్విజిటర్. మతద్రోహుల్నీ, గ్రహాంతర జాతులతో చేతులు కలిపినవాళ్లనీ వేటాడే అధికారి. అతని హోదాకి తెరుచుకోని తలుపు ఉండదు. జమీందార్ల విందులు, ఓడరేవులు, గ్రంథాలయాలు, చెరసాలలు అన్నిట్లోకీ వెళ్తాడు, పాఠకుణ్ణి వెంట తీసుకెళ్తాడు.

జీనోస్ మొదటి అధ్యాయం ఒక్కటి చాలు. హ్యూబ్రిస్ అనే గ్రహం. సూర్యుడు కనబడని దీర్ఘ శీతాకాలమంతా అక్కడి కులీనులు మంచు సమాధుల్లో నిద్రపోతారు, కాపలాదారులు మాత్రం మేలుకొని ఉంటారు. ఒక నేరస్థుడు ఆ నిద్ర యంత్రాల్ని అర్ధంతరంగా ఆపేస్తాడు. చీకట్లో వేలమంది సగం కరిగిన ఒళ్లతో, కళ్లు కనబడక తడుముకుంటూ బయటికొస్తుంటే వాళ్ల మధ్యలోంచి ఐజెన్‌హార్న్ పరిగెత్తాలి. ఈ లోకంలో మనిషి ప్రాణం విలువెంతో ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే తెలిసిపోతుంది.

ఇంకో సౌకర్యం, కథంతా అతని నోటే నడుస్తుంది. ఒకే గొంతు, ఒకే దారి. నిదానంగా చదివేవాళ్లకి ఇది చాలా పెద్ద విషయం.

ఆరుపడింది

దొంతర గారూ, ఐజెన్‌హార్న్ గొప్పదే, కాదనను. కానీ కొత్తవాళ్లకి అది మొదటి మెట్టు కాదు. జీనోస్ మొదటి ముప్పై పేజీల్లో ఆర్డోలు, ఆస్ట్రోపాత్‌లు, మెకానికస్, వార్ప్ అన్నీ వచ్చిపడతాయి, చాలావాటికి వివరణ ఉండదు. 2001లో ఆ పుస్తకం కొన్నది ఎక్కువగా బల్లాట ఆడేవాళ్లే, వాళ్లకి అవన్నీ తెలుసు. అదే ఏడాది 54 మిల్లీమీటర్ల పెద్ద బొమ్మలతో ఇన్‌క్విజిటర్ అనే ఆట కూడా వచ్చింది, ఈ నవల పుట్టింది ఆ వాతావరణంలోనే.

చక్రవర్తి సేనాని హోరస్ తిరుగుబాటు కథకి మొదటి పుస్తకం హోరస్ రైజింగ్ (2006). అది రాసిందీ ఆబ్నెట్టే. అయితే అక్కడ బయటివాళ్లని పాత్రలుగా పెట్టుకున్నాడు. రిమెంబ్రాన్సర్లని కొందరుంటారు, దండయాత్రని నమోదు చేయడానికి వచ్చిన కవులు, చిత్రకారులు, చరిత్రకారులు. వాళ్లకీ స్పేస్ మెరైన్లు కొత్తే. వాళ్లు అడిగే ప్రశ్నలు మీకొచ్చే ప్రశ్నలే. ఉదాహరణకి మొదటి గ్రహం పేరు 63-19. అరవై మూడో దండయాత్ర స్వాధీనం చేసుకున్న పందొమ్మిదో లోకం అని అక్కడే చెప్తాడు. ప్రతి పదానికీ ఇలా దారి చూపిస్తాడు.

పైగా నీలికవచం గారికి నచ్చింది స్పేస్ మెరైన్లు. ఐజెన్‌హార్న్‌లో వాళ్లు అరుదుగా కనిపిస్తారు. జిలేబీ అడిగినవాళ్లకి ఎంత మంచి పులిహోర పెట్టినా ఏం లాభం?

సరంగు

ఎవరి పక్షమూ తీసుకునే ముందు లెక్క చెప్పాలి. హోరస్ హెరెసీ 54 పుస్తకాలు, 2006 నుంచి 2019 దాకా. ఆ తర్వాత సీజ్ ఆఫ్ టెర్రా ఎనిమిది భాగాలు, ఆఖరి భాగం మూడు సంపుటాలు కాబట్టి మొత్తం పది. 2024 జనవరిలో ముగిసింది. "ఒకటో పుస్తకం నుంచి మొదలెట్టు" అనేవాళ్లు ఈ సంగతి దాచిపెట్టకూడదు.

మొదలెట్టినవాళ్లు ఎక్కడ ఆగిపోతారో కూడా తెలిసిందే. 6 నుంచి 8 మధ్యలో. కారణం స్పష్టం. 1, 2, 3 పుస్తకాలు (హోరస్ రైజింగ్, ఫాల్స్ గాడ్స్, గ్యాలక్సీ ఇన్ ఫ్లేమ్స్) ఒకే కథ. 4 అదే సంఘటనల్ని డెత్ గార్డ్ అనే స్పేస్ మెరైన్ దళంలో గారో అనే కెప్టెన్ వైపు నుంచి చెప్పి ముందుకెళ్తుంది. 5 ఫుల్‌గ్రిమ్, చాలా లావు పుస్తకం, వెనక్కెళ్లి మొదలై ఇస్‌ట్వాన్ 5 అనే గ్రహం దాకా తెస్తుంది. ఇక 6 ఉన్నట్టుండి కాలిబాన్ గ్రహానికి, చక్రవర్తి ఇంకా అక్కడికి రాని కాలానికి వెళ్లిపోతుంది. హోరస్ గొడవ ఏమైందని ఎదురుచూసే పాఠకుడికి గుర్రాల మీద తిరిగే యోధులు కనిపిస్తారు. 8 బ్యాటిల్ ఫర్ ది అబిస్, ఒక ఓడని ఇంకో ఓడ తరమడం. అది దేనికి నాంది అనేది 19 నో నో ఫియర్‌లో గానీ తేలదు. పదకొండు పుస్తకాల ఎడం.

వరుస సంఖ్యలు ప్రచురణ క్రమం మాత్రమే, కథాక్రమం కాదు. మహాభారతం చదివేవాళ్లు అనుశాసన పర్వంతో మొదలెట్టరు కదా. 1, 2, 3 చదివాక కొనసాగించాలనుంటే 5, 12, 14, 19, 24 చాలు. 12 ఎ థౌజండ్ సన్స్‌నీ 15 ప్రాస్పెరో బర్న్స్‌నీ జంటగా చదవొచ్చు, ఒకే గ్రహం తగలబడటాన్ని రెండు వైపుల నుంచీ చెప్తాయి. 6, 8, 11 వదిలేసినా తర్వాతవి అర్థమవుతాయి.

వేకువ

ఆరుపడింది గారు పదాల కష్టం గురించే మాట్లాడారు. అసలు విషయం వేరే ఉంది.

హోరస్ రైజింగ్ కాలానికి సామ్రాజ్యంలో దేవుడు లేడు. గుడి కట్టడం నేరం, పూజ నిషేధం. ఇంపీరియల్ ట్రూత్ అంటే అదే, విశ్వంలో ఉన్నది తర్కం, విజ్ఞానం మాత్రమే. సిండర్‌మన్ అనే వృద్ధ పండితుడి పనే ఈ బోధ. పదివేల ఏళ్ల తర్వాత, అంటే ఐజెన్‌హార్న్ కాలానికి, అదే చక్రవర్తి దేవుడైపోయాడు. వీధికో గుడి, గుడికో పూజారి, అనుమానించినవాణ్ణి కాల్చేస్తారు. తనని దేవుడనొద్దని మొత్తుకున్నవాడి పేరు మీద.

ముందు జీనోస్ చదివి, అడుగడుక్కీ మొక్కే జనం మధ్య ఒక పుస్తకమంతా గడిపి, ఆ తర్వాత హోరస్ రైజింగ్ తెరిస్తే, సిండర్‌మన్ నోట "దేవుళ్లు లేరు" అనే మాట వినగానే ఒళ్లు జలదరిస్తుంది. ఈ మాట ఎక్కడ పాతిపెట్టబడిందో మీకు తెలుసు కాబట్టి. ముందు హోరస్ రైజింగ్ చదివితే అది మామూలు నాస్తిక ఉపన్యాసం, పేజీ తిప్పేస్తారు. ఏది తేలిక అన్నది కాదు, ఏ వరుసలో చదివితే రెండు పుస్తకాలకీ బలం వస్తుందన్నదే లెక్క.

ఆరుపడింది

వేకువ గారూ, ఈ వాదన కొత్తవాళ్లందరికీ వర్తిస్తుంది, నీలికవచం గారికి తప్ప. ఆయన స్పేస్ మెరైన్ 2 ఆడారు. అందులో చాప్లిన్లున్నారు, అంటే స్పేస్ మెరైన్ల పూజారులు, ప్రార్థనలున్నాయి, చక్రవర్తి విగ్రహాలున్నాయి. భక్తి ఎంత ముదిరిందో కళ్లారా చూసినవాడికి మళ్లీ ఒక నవలతో చూపించక్కర్లేదు. ఆయన నేరుగా హోరస్ రైజింగ్ తెరిచినా ఆ జలదరింపు వస్తుంది.

ఇంకొకటి. హోరస్ తిరగబడతాడని ఆట ఆడినవాళ్లందరికీ ముందే తెలుసు కాబట్టి ఉత్కంఠ ఏముంది అంటుంటారు కొందరు. వింటే భారతమే వినాలన్నారు మనవాళ్లు. కర్ణుడు చస్తాడని తెలిసే వింటాం, అయినా చక్రం కుంగేటప్పుడు ఊపిరి బిగబడుతుంది. హోరస్ రైజింగ్‌లో హోరస్ మంచివాడు, నవ్విస్తాడు, కింది సైనికుడి పేరు గుర్తుపెట్టుకుంటాడు. పదో కంపెనీ కెప్టెన్ లోకెన్‌ని తన నలుగురు సలహాదార్లలో ఒకడిగా చేర్చుకున్న రాత్రి చదవండి. జరగబోయేది తెలిసినవాడికే అది గుండెకి తగులుతుంది.

దొంతర

కర్ణుణ్ణి తెచ్చారు కాబట్టి అడుగుతున్నా. కర్ణుడి చావుకి కారణాలు అనేకం. పరశురాముడి శాపం, బ్రాహ్మడి శాపం, ఇంద్రుడికిచ్చిన కవచం, కుంతికిచ్చిన మాట, శల్యుడి సారథ్యం. ఒక్కొక్కటీ పేర్చుకుంటూ వచ్చి ఆఖరికి చక్రం. మరి హోరస్ పతనానికి? రెండో పుస్తకంలో ఒక గాయం, ఒక గుడి, ఒక కల. ఒకటో పుస్తకంలో అంత జాగ్రత్తగా కట్టిన మనిషి రెండోదాంట్లో వంద పేజీల్లో తిరగబడిపోతాడు. ఫాల్స్ గాడ్స్ రాసింది గ్రాహమ్ మెక్‌నీల్, మూడోది బెన్ కౌంటర్. చేయి మారినట్టు పాఠకుడికి తెలిసిపోతుంది. హోరస్ రైజింగ్‌ని పొగిడేవాళ్లు మొదటి పుస్తకాన్నే పొగుడుతారు, కొత్తవాడు కొనాల్సింది మాత్రం మూడు. ఒకటో పుస్తకం దానికదే ముగియదు.

ఐజెన్‌హార్న్ పతనం చూడండి. అది పతనమని కూడా వెంటనే తెలియదు. మొదటి పుస్తకంలో ఏ పని చేసినవాణ్ణి అసహ్యించుకుంటాడో, మూడో పుస్తకంలో దాదాపు అదే తను చేస్తాడు. మధ్యలో ప్రతి అడుగుకీ సరైన కారణమే ఉంటుంది. ఆ అడుగేసినప్పుడు మీరూ ఒప్పుకుంటారు. మూడు పుస్తకాలూ ఒకే చేతి రాత.

సరంగు

ఇక్కడ దొంతర గారిదే పైచేయి. ఫాల్స్ గాడ్స్ మధ్యభాగం బలహీనమన్నది నిజం. లార్గార్ అనే ఇంకో సేనాని వైపు నుంచి 14వ పుస్తకం, ది ఫస్ట్ హెరెటిక్, వచ్చాకే ఆ పతనం వెనక పన్నాగమంతా నమ్మేలా అతికింది. అదీ నాలుగు దశాబ్దాలు వెనక్కెళ్లి మొదలవుతుంది. వేకువ గారు చెప్పిన మతం విత్తనం పడింది కూడా అందులోనే. కానీ నాలుగు పుస్తకాల మనిషికి 14వది ఎప్పుడొస్తుంది?

నీలికవచం

ఇంతలోతుగా చెప్తున్నందుకు అందరికీ ధన్యవాదాలు. ఇంకో ప్రశ్న. స్పేస్ మెరైన్లు కావాలంటే డార్క్ ఇంపీరియమ్ తీసుకోమని ఒకరన్నారు, ఆట కథకి అదే దగ్గరట. ది ఇన్ఫినిట్ అండ్ ది డివైన్ అని ఇంకొకరు. ఒక్క పుస్తకంలో ముగిసేవి ఏమైనా ఉన్నాయా?

సరంగు

డార్క్ ఇంపీరియమ్ కాలం ఆటకి దగ్గరే. అయినా మొదటిది కాకూడదు. గై హేలీ రాసిన ఆ నవల పదివేల ఏళ్ల నాటి ద్వంద్వయుద్ధంతో మొదలై, ఆ వెంటనే స్పేస్ మెరైన్ల ప్రాచీన నాయకుల్లో ఒకడైన గిలిమన్ మళ్లీ లేచి తిరుగుతున్న కాలంలోకి దూకుతుంది. ఆయన ఎలా లేచాడో బల్లాట నియమ పుస్తకాల్లో చదివినవాళ్లకే తెలుసు. కొంటే 2021 సవరించిన ప్రతి కొనండి. 2017 ముద్రణలో కాలగణన వేరు, తర్వాత వచ్చిన పుస్తకాలతో పొసగదు.

ది ఇన్ఫినిట్ అండ్ ది డివైన్ (2020, రాబర్ట్ రాథ్) ఒక్క పుస్తకమే. చావులేని ఇద్దరు లోహపు మనుషులు, ఒకడు వస్తువులు పోగేసేవాడు, ఇంకొకడు జ్యోతిష్కుడు, ఒక వస్తువు కోసం వేల ఏళ్ల పాటు కీచులాడుకుంటారు. వాళ్ల కింద నాగరికతలు పుట్టి చస్తుంటాయి. అద్భుతమైన పుస్తకం. కాకపోతే అందులో సగం సరదా ఈ లోకాన్ని వాళ్లు వెక్కిరించడంలో ఉంది. వెక్కిరిస్తున్నది దేన్నో తెలిశాక, మూడోదిగానో నాలుగోదిగానో చదవండి.

స్పేస్ మెరైన్ కావాలి, ఒక్క పుస్తకంలో అయిపోవాలి అంటే హెల్స్‌రీచ్ (2010, ఆరన్ డెంబ్‌స్కీ-బౌడెన్). ఆర్మగెడాన్ గ్రహం మీద ఒక రేవు నగరం, ఆర్క్‌లనే గ్రహాంతర జాతి ముట్టడి. గ్రిమాల్డస్ అనే చాప్లిన్‌కి ఆ నగరాన్ని కాపాడే పని అప్పగిస్తే అవమానంగా భావిస్తాడు, పేరొచ్చే యుద్ధం ఇంకెక్కడో జరుగుతోందని. రేవు కూలీల పక్కన నిలబడి పోరాడుతూ ఏం నేర్చుకుంటాడన్నదే కథ. ముందు ఏమీ చదవక్కర్లేదు.

మామూలు సైనికులు కావాలంటే గాంట్స్ గోస్ట్స్‌లో మూడోది, నెక్రోపోలిస్. మొదటి పుస్తకం (1999) ఆబ్నెట్ ఇంకా చేయి తిరగనప్పటిది, రెండోది చిన్నకథల దండ. వెర్వన్‌హైవ్ ముట్టడి చెప్పే మూడోది నేరుగా చదివినా పర్వాలేదు. గాంట్ కమిసార్ (సైనికుల క్రమశిక్షణ చూసే అధికారి), సొంత గ్రహం నాశనమైన టానిత్ సైనికులకి నాయకుడు అని తెలిస్తే సరిపోతుంది.

వేకువ

సయాఫస్ కేన్ నవలల్ని ఎవరైనా చెప్పేలోపు ఒక మాట. సరదాగా ఉంటాయి, ఏది ముందు చదివినా ఒకటే. కానీ హాస్యమంతా కేన్ చెప్పేదానికీ, కింద ఇన్‌క్విజిటర్ వెయిల్ రాసే పాదసూచికలకీ మధ్య నలుగుతూ ఉంటుంది. నిదానంగా చదివేవాళ్లకి పేజీ కిందికీ పైకీ తిరగడం అలసట. ఇప్పుడు వద్దు.

నీలికవచం

అయితే ఇలా అనుకుంటున్నా. ముందు జీనోస్ ఒక్కటే, సంపుటం కాదు. దాని తర్వాత హోరస్ హెరెసీ 1, 2, 3. నాలుగూ సరిపోయాయి.

దొంతర

జీనోస్ దానికదే ముగుస్తుంది కాబట్టి ఆ లెక్క కుదురుతుంది. కానీ మాలియస్, హెరెటికస్ చదవకుండా ఐజెన్‌హార్న్ చదివానని ఎవరితోనూ అనకండి. జీనోస్‌లో కనిపించేది ఇంకా చెడిపోని మనిషి. ఫాల్స్ గాడ్స్ మధ్యలో విసుగొస్తే దాన్ని పక్కన పెట్టి మాలియస్ తీయండి. టోబీ లాంగ్‌వర్త్ చదివిన ఆడియో కూడా ఉంది, పేజీ ముందు పెట్టుకుని వింటే వేగం కలిసొస్తుంది.

ఆరుపడింది

ఫాల్స్ గాడ్స్ పక్కన పెట్టొద్దు, మూడోదాని ఆఖరి భాగం కోసమైనా దాటండి. రెండు జాగ్రత్తలు. మూడు పుస్తకాలూ అయ్యేదాకా లోకెన్ పేరు కొట్టి ఏ వికీ తెరవకండి, మొదటి పేరాలోనే అతనికేమైందో ఉంటుంది. మూడోదాని అట్ట వెనక రాసింది కూడా చదవకండి. పేర్లు కలగాపులగమైతే, ప్రతి పుస్తకం ముందు పుటల్లో ఏ లీజియన్‌లో, అంటే ఏ దళంలో, ఎవరున్నారో పాత్రల పట్టిక ఉంటుంది. అక్కడ ఒక కాగితం ముక్క పెట్టుకోండి.